రెండు ముడుల పురికొస

పోయిన సోమవారం ఉదయం ఏడుంబావుకు అతని భార్య వచ్చి ఒక చెక్కపీట మా అరుగు మీద పెట్టింది. వేపచెక్క పీట. కాలు జారకుండా పైన సైకిల్ టైరు ముక్క మేకులతో కొట్టి ఉంది.

"బండి అమ్మేశామండి టీచరమ్మా. నరసరావుపేట వాళ్ళు నిన్న సాయంత్రం వచ్చి తోలుకెళ్ళారు. సీటు వెనకాల ఇదుంది. వాళ్ళకెందుకని తీసేశాను. మీదేగా?" అంది.

"కూర్చో, టీ పెడతాను," అన్నాను.

"లేదండి, కోల్డ్ స్టోరేజీ ఆటో వచ్చేస్తది. మిరపకాయల తొడిమలు తీయడానికి పోతన్నాగా," అని చెంగు బొడ్లో దోపుకుంటూ వెళ్ళిపోయింది.

పీట నాదే. దాని మీద నేను ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. అతను చనిపోయి ఆ రోజుకు నలభై మూడు రోజులు.

అతని పేరు రాయను. అతను కూడా ఎక్కడా రాయించుకోలేదు. మా వైపు సరుకు బండి కొన్నవాడు మొట్టమొదట చేసే పని వెనక డాలా తలుపు మీద ఏదో ఒకటి రాయించడం. పిల్లల పేర్లు రాయిస్తారు, లేకపోతే ఒక బైబిలు వాక్యం, అదీ లేకపోతే ఏడ్చేవాళ్ళ మీద ఒక విసురు. అతను కొన్న రెండు బండ్ల వెనకా ఖాళీయే. ఎందుకురా అని అడిగాను.

"వెనకొచ్చేవోడు రోడ్డు చూసుకోవాలండి. నన్ను చదువుకుంటా కూర్చుంటే ఎట్టా?"

నా దగ్గర తొమ్మిదో తరగతి దాకా లెక్కలు చదివాడు. చదివాడనడం నా మర్యాద. మూడో బెంచీలో కూర్చుని, గంట పూర్తయ్యేసరికి నా చేతిలో సుద్దముక్క ఎంత అరుగుతుందో చూసేవాడు. ఆఖరి పరీక్షలో నూటికి పంతొమ్మిది వచ్చాయి. అయితే బరువు విషయంలో అతనంత కచ్చితమైన మనిషిని నేను చూడలేదు. మిరపకాయల బస్తాను మా వైపు టిక్కీ అంటారు. టిక్కీ చెవి పట్టుకుని ఒక మూల కొంచెం పైకి లేపి, దించి, "నలభై మూడు," అనేవాడు. గుంటూరు మిర్చి యార్డులో కాటా మీద పెడితే నలభై మూడు. అరకిలో అటూ ఇటూ.

నేను ఏదీ పరీక్షించకుండా నమ్మను. ఇంట్లో ఉన్న స్ప్రింగు త్రాసు తీసి అతనికి ఏడు పరీక్షలు పెట్టాను. బియ్యం సంచి, పాత పేపర్ల కట్ట, నీళ్ళ బిందె ఇలాంటివి. ఆరింట్లో నెగ్గాడు. ఏడోది సగం అయిపోయిన గ్యాస్ సిలిండరు.

"ఇది చెప్పలేనండి. లోపల నిలకడ లేదు, కదల్తా ఉంది."

"మరి మనిషి బరువు చెబుతావా?"

"మనిషికి చెప్పకూడదండి," అన్నాడు వెంటనే. "వెనకాలెక్కేది సరుకు, దానికి బరువు. ముందు సీట్లో కూర్చునేది మనిషి. మనిషికి చోటే గానీ బరువేంటండీ?"

ఇది మాటవరసకు అన్నది కాదు. మిరపకోతలప్పుడు కూలీలను బండి వెనక నిలబెట్టి తోలుకుపోవడం మా దగ్గర మామూలే. అతను మాత్రం ఎవరినీ వెనక ఎక్కనివ్వలేదు. దాని మీద ఊళ్ళో తిట్లు తిన్నాడు. "వీడొక్కడికే పుట్టింది నీతి!" అని కోతల మేస్త్రి నా ఎదుటే అన్నాడు. అతను నవ్వి తాళంచెవి వేలికి తిప్పుకున్నాడు, అంతే.

ఏ నెల నడుస్తోందో తెలుసుకోవడానికి అతని చొక్కా చూస్తే సరిపోయేది. కార్తీకంలో భుజాల మీద పత్తి పింజలు అంటుకుని ఉండేవి. మార్చిలో మిరప దుమ్ముతో కాలరు ఎర్రబడేది. జూన్‌లో పిడుగురాళ్ల నుంచి సున్నం తోలేటప్పుడు కనుబొమలు కూడా తెల్లబడి ముసలివాడిలా కనిపించేవాడు. ఇంకో విచిత్రం. వారమంతా మిరపకాయల మధ్య తిరిగి ఒక్క తుమ్ము తుమ్మని మనిషి, ఆదివారం చర్చిలో వరసగా తుమ్మేవాడు. ఆడవాళ్ళ పౌడరు అతనికి పడదు. ఆడవాళ్ళ వరసలకు దూరంగా ఆఖరి బెంచీలో కూర్చున్నా లాభం లేకపోయేది. పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి, ఆ తుమ్ములు అయ్యేదాకా ఉండి, మళ్ళీ మొదలుపెట్టేవారు. ఒక ఆదివారం పదకొండు లెక్కపెట్టాను.

అతని మాటల్లో రెండు తెలుసుకోవాలి. "చూద్దాం లెండి" అంటే ఆ పని చేస్తాడని. "అలాగేనండి" అంటే అతనికి ఇష్టం లేదని. ఎదుటివాళ్ళను కాదనలేక ఆ మాట అనేవాడు. ఊళ్ళో సగం మందికి ఇది తెలియక, అలాగేనన్నాడుగా అని ఎదురుచూసి తిట్టుకునేవాళ్ళు. నాకు తెలుసు. తెలిసి కూడా ఒకసారి నేను పట్టించుకోలేదు. అదే ఇక్కడ రాయాలి.

మా ఇల్లు పేటలో ఒక సందు చివర ఉంది. మా అరుగు నుంచి సందు మొదటి దాకా నూట పన్నెండు అంగలు. నా అంగలు. డెబ్బై ఒకటో అంగ దగ్గర ఒక పక్క కరెంటు స్తంభం, ఎదురుగా మూలింటావిడ ప్రహరీ. అక్కడ సందు ఇరుకు. నేను బాత్రూములో జారిపడి కుడి మోకాలు విరిగాక, చర్చికి నడవడం మానేయవలసి వచ్చింది. చర్చి మెయిన్ రోడ్డు మీద, కిలోమీటరున్నర. మూడో ఆదివారం ఉదయం ఎనిమిదీ నలభైకి ఇంటిముందు బండి చప్పుడైంది. చూస్తే అతని పాత చిన్న బండి, ముఖం సందు మొదటి వైపు పెట్టుకుని, ముందు సీటు తలుపు మా అరుగుకు నాలుగు వేళ్ళ దూరంలో ఉండేలా ఆగి ఉంది.

సందులో బండి తిప్పుకోవడానికి చోటు లేదు. అందుకని సందు మొత్తం వెనక్కే వచ్చాడు, అద్దంలో చూసుకుంటూ, నూట పన్నెండు అంగలూ. అరుగు చివరి మెట్టు మీద నిలబడి, ఎడమ కాలు పెడితే నేరుగా సీట్లోకి వెళ్ళిపోయేదాన్ని. పైకి ఎక్కడం, కిందికి దిగడం లేదు. ఆ రోజు నుంచి నాలుగేళ్ళు ఆదివారం తప్పలేదు. మూలింటావిడ తన గోడ మీద కన్నేసి గుమ్మంలో నిలబడేది.

"రానీ, రానీ... ఆగరా బాబూ, నా గోడ! టీచరమ్మగారూ, మీ రథం వచ్చింది. నా గోడకి గీత పడితే మీ పింఛను మొత్తం నాదే."

గీత పడలేదు. నాలుగేళ్ళలో ఒక్కటి కూడా.

బండిలో మేము మాట్లాడుకున్నది తక్కువ. ఆరేడు నిమిషాల ప్రయాణం. నేను ఒంటరిదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. అన్నదమ్ములు పోయారు. వారంలో మిగతా ఆరు రోజులు నాతో మాట్లాడేది పాలవాడు, మూలింటావిడ, రేడియో. ఆ ఆరేడు నిమిషాల కోసం శనివారం సాయంత్రమే చీర తీసి పెట్టుకునేదాన్నని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఇక ఆ మంగళవారం సంగతి. అక్టోబరు ఆఖరి వారం. పాత బండి ఇంజను పోయింది. పత్తి తీతలు మొదలయ్యాయి. బండి లేకపోతే ఆ సీజను పోతుంది, సీజను పోతే కూతురి నర్సింగు చదువు ఆగిపోతుంది. షోరూములో రెండు బండ్లు చూసి వచ్చాడు. ఒకటి పెద్ద బండి, పదిహేడు క్వింటాళ్ళు మోసేది. రెండోది మధ్యరకం, పదమూడు క్వింటాళ్ళు. గురువారంలోపు ఏదో ఒకటి చెప్పాలి. సాయంత్రం నాలుగు గంటలకు షోరూములో ఇచ్చిన రంగుల కాగితాలు రెండు మడిచి జేబులో పెట్టుకుని వచ్చి, అరుగు కింద చెప్పులు విడిచి, గుమ్మం దగ్గర కూర్చున్నాడు. చేతిలో పురికొస ఉంది, టిక్కీల మూతి కుట్టేది. దానికి రెండు ముడులు వేసి ఉన్నాయి.

"అదేమిటి?"

"ఈ ముడి దాకా పెద్ద బండి వెడల్పండి. ఇక్కడిదాకా మధ్య బండిది. షోరూములో కొలిచాను."

"కాగితంలో మిల్లీమీటర్లతో సహా ఉందిగా, మళ్ళీ పురికొస ఎందుకు?"

"పనికొస్తదేమోనని," అన్నాడు.

నేను కాగితం తీసుకున్నాను. లెక్క కనబడితే నాకు ఇంకేమీ కనబడదు. అది నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. అతన్ని అడిగి అంకెలు రాసుకున్నాను. ఊరి నుంచి గుంటూరు యార్డుకు ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు, రానూపోనూ డెబ్బై ఆరు. ఒక మోస్తరు రైతుకు రెండు వందల టిక్కీలు. పెద్ద బండికి నలభై పడతాయి, ఐదు ట్రిప్పులు. మధ్యదానికి ముప్ఫై, ఏడు ట్రిప్పులు. పెద్దది లీటరుకు పదకొండు కిలోమీటర్లు, మధ్యది పద్నాలుగు. అందరూ ఇక్కడే పొరబడతారు, మధ్యదానికి ఖర్చు తక్కువని. గుణించి చూపించాను. పెద్దది మూడు వందల ఎనభై కిలోమీటర్లు తిరిగి ముప్ఫై నాలుగున్నర లీటర్లు తాగుతుంది. మధ్యది ఐదు వందల ముప్ఫై రెండు తిరిగి ముప్ఫై ఎనిమిది లీటర్లు. పైగా రెండు ట్రిప్పుల కాలం. పత్తి సంగతి చెప్పనే అక్కర్లేదు. పత్తికి బరువు కాదు, చోటు కావాలి.

"చూశావా? డీజిలు కూడా దీనికే తక్కువ."

"అవునండి," అని కాగితం వైపు కాకుండా సందు వైపు చూశాడు. "ఇంకేమన్నా వదిలేశామాండీ?"

"వాయిదా కొంచెం ఎక్కువ. మిగిలే ట్రిప్పుల్లో పూడిపోతుంది."

"అది కాదండి. అంటే, వేరే ఏదన్నా..."

"టైర్లు? అది కూడా వేశాను, ఇదిగో."

పురికొసను వేలికి చుట్టాడు, విప్పాడు. మళ్ళీ అడిగాడు. "ఇంకేం వదల్లేదుగా టీచరమ్మా?"

మూడోసారి అడిగేసరికి నాకు కోపం వచ్చింది. "ఒరేయ్, ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. నా లెక్కలో వదిలేయడాలు ఉండవు. పెద్ద బండే తీసుకో."

పురికొస మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి నిలబడి, "అలాగేనండి," అన్నాడు.

నాతో ఆ మాట అతను అంతకుముందు ఎప్పుడూ అనలేదు. ఆ సాయంత్రం డైరీలో లెక్క మొత్తం ఎక్కించి, కింద 'అలాగేనన్నాడు' అని కూడా రాశాను. రాసి, వేరుశెనగలు వేయించుకుని తిని, పడుకున్నాను.

గురువారం పెద్ద బండికి చెప్పాడు. నవంబరు మొదటి ఆదివారం ఎనిమిదీ నలభైకి సందు మొదట్లో రెండుసార్లు పొట్టిగా హారన్ మోగింది. నేను మెట్టు మీద నిలబడి ఉన్నాను, సంచి చేతికి తగిలించుకుని. సందులోకి బండి రాలేదు. అతనే నడిచి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా.

"బండి ఏదిరా?"

"సందు మొదట్లో పెట్టానండి. నెమ్మదిగా పోదాం, నా చెయ్యి పట్టుకోండి."

స్తంభం దగ్గరకు వచ్చేసరికి నాకు ఊపిరి ఎగదన్నింది. నిలబడ్డాను. మూలింటావిడ గుమ్మంలోనే ఉంది.

"రథం పెద్దదైంది, సందు చిన్నదైంది!" అంది నవ్వుతూ. "మంగళవారమే కొలిచాడుగా టీచరమ్మా. ఒక కొస నన్నే పట్టుకోమన్నాడు. మధ్య బండైతే దూరతదంట, పెద్దది దూరదంట. మీకు చెప్పలేదా?"

నేను అతని ముఖం చూశాను. అతను స్తంభం వైపు తిరిగి తువ్వాలు సర్దుకుంటున్నాడు.

తర్వాత టేపుతో కొలిచాను. స్తంభానికీ గోడకూ మధ్య డెబ్బై అంగుళాలు. మధ్య బండి అరవై నాలుగు. పెద్దది డెబ్బై మూడు. ఆ మంగళవారం అతను నా దగ్గరకు రాకముందే ఆ కొలత తీసుకున్నాడు. పురికొస చేతిలో పట్టుకుని నా గుమ్మంలో కూర్చుని మూడుసార్లు అడిగాడు. ఆ ఒక్క మాట నేను అనాలని. 'మరి నన్నెట్లా తీసుకెళ్తావురా?' అని నేను అంటే, మధ్య బండి కొనేవాడు. తనంతట తాను అంటే, మీ కోసం నష్టపోతానని చెప్పినట్టు ఉంటుంది. అది చెప్పే మనిషి కాదు. నేను అడిగే మనిషిని కాదు. అసలు నాకు తోచనే లేదు. అతని బండి లెక్కలో నేనున్నానని నేను అనుకోలేదు.

ఆ ఆదివారం ఇంకా మిగిలి ఉంది. పెద్ద బండి కాబిన్ ఎత్తు. అతను నా చెయ్యి పట్టి లాగాడు, మోకాలు వంగలేదు. దారినపోయే ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి వెనక నుంచి నెట్టారు. "పట్టు, పట్టు, ఒక్క ఊపు!" అని అరుస్తున్నారు. టీకొట్టు దగ్గర ఎవరో నవ్వారు. నేను లెక్కలు చెప్పిన పిల్లలే అందరూ. సీట్లో పడ్డాక చూస్తే చీర కుచ్చిళ్ళు చేతిలోకి వచ్చాయి. చర్చి దగ్గర దింపడానికి నలుగురు.

రెండో ఆదివారం హారన్ మోగిన తర్వాత అతను మళ్ళీ నడిచి వచ్చాడు. నేను అరుగు మీద రాత్రి చీరలోనే కూర్చుని ఉన్నాను, చేతిలో ఫోను.

"పీట చేయించానండి," అన్నాడు. "వేపచెక్క. బండిలో ఉంది. ఈసారి ఎవరూ నెట్టక్కర్లేదు."

"నాకు ఫోన్లో ఆరాధన వస్తోందిరా. హైదరాబాదుది. పాటలు కూడా బాగున్నాయి. ఇక నువ్వు ఆగనక్కర్లేదు."

"నేను చేసింది తప్పయితే..."

"తప్పేముంది? లెక్క చేసింది నేను."

నిలబడ్డాడు. నేను ఫోను వైపు చూస్తున్నాను. అందులో ఏమీ రావడం లేదు, నాకు అది పెట్టడం కూడా అప్పటికి రాదు.

"అలాగేనండి," అన్నాడు.

ఆ మాటకు అర్థం తర్వాతి ఆదివారం తెలిసింది. ఎనిమిదీ నలభైకి సందు మొదట్లో రెండు పొట్టి హారన్‌లు. మూడు నాలుగు నిమిషాలు ఆగాడు. ఇంజను చప్పుడు ఇక్కడికి వినబడుతుంది. తర్వాత వెళ్ళిపోయాడు. పై ఆదివారం మళ్ళీ. ఆ పై ఆదివారం మళ్ళీ. సందులోకి రాలేదు, పిలవలేదు, ఎదురుపడ్డప్పుడు అడగలేదు. ఉగాదికి ముందు కొత్త మిరపకాయలు రెండు కిలోలు తెచ్చి ఇచ్చేవాడు, ఎప్పటిలాగే. "పచ్చడికి బాగుంటయ్యండి, ఘాటు తక్కువ," అనేవాడు. నేను కూర్చోమనేదాన్ని. కూర్చునేవాడు. బండి సంగతి ఇద్దరమూ ఎత్తేవాళ్ళం కాదు.

నేను డైరీలో ఆదివారం పేజీలో హారన్ వినబడినప్పుడు ఒక టిక్కు పెట్టేదాన్ని. పెద్ద బండి వచ్చాక అతను బతికి ఉన్న ఆదివారాలు నూట ఇరవై నాలుగు. మూడు ఆదివారాలు అతను ఊళ్ళో లేడు. హారన్ నూట ఇరవై ఒక్కసారి మోగింది. నేను వెళ్ళింది ఒక్కసారి.

ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అడిగితే మోకాలు అని చెప్పాను. పీట ఉంది, అతని చెయ్యి ఉంది, మధ్యలో ఆగడానికి మూలింటావిడ గుమ్మం ఉంది. మోకాలు కాదు. ఆ స్తంభం దగ్గర ప్రతి ఆదివారం ఆగి ఊపిరి తీసుకోవాలి. ఆగినప్పుడల్లా నా తప్పు నా కంటికి ఎదురుగా, డెబ్బై అంగుళాల వెడల్పున నిలబడి ఉంటుంది. దాన్ని అతను చూస్తుండగా దాటడం నా వల్ల కాలేదు.

అయితే లెక్క తప్పలేదు. ఇది కూడా రాయాలి. పెద్ద బండి మొదటి సీజన్‌లోనే నిలదొక్కుకుంది. పత్తి మిల్లు వాళ్ళు అతనికే కబురు చేసేవాళ్ళు. కూతురి చదువు ఆగలేదు, ఇప్పుడు గుంటూరులో పెద్దాసుపత్రిలో నర్సు. మధ్య బండి కొనిపించి ఉంటే ఆ అమ్మాయి ఇప్పుడు తల్లితో పాటు తొడిమలు తీస్తూ ఉండేదేమో. అందుకే ఆ మంగళవారం మళ్ళీ వస్తే ఏమనేదాన్నని ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలలేదు. పెద్ద బండే తీసుకోమనేదాన్ని, నిజానికి. కానీ ముందు, 'నాకు దారి పోతుందిరా, అయినా ఇదే తీసుకో,' అనేదాన్ని. అతనికి ఆ మాట చేరేది. ఆ తర్వాతి ఆదివారాలు వేరుగా ఉండేవి.

మార్చి మధ్యలో ఒక ఆదివారం. డైరీలో నూట ఇరవై ఒకటో టిక్కు ఉంది. ఆరాధన అయ్యాక సరుకు ఎత్తుకుని, సోమవారం సంత కోసం యార్డు వరసలోకి వెళ్ళాడు. సాయంత్రం వరస కదిలింది, అతని బండి కదల్లేదు. వెనక బండివాడు నిద్రపోయాడనుకుని హారన్ కొట్టాడట. చాలాసేపు కొట్టాడట. స్టీరింగు మీద చెయ్యి, వెనక నలభై టిక్కీలు.

సోమవారం మధ్యాహ్నం అతన్ని అదే బండిలో చర్చికి తీసుకువెళ్ళారు. ఆ బండి వెనక ఒక మనిషిని ఎక్కించడం అదే మొదలు. బావమరిది తోలుతున్నాడు. సందు మొదట్లో రెండు నిమిషాలు ఆపమని అతని భార్య చెప్పిందని మూలింటావిడ పరుగున వచ్చి చెప్పింది. "రండి టీచరమ్మా, ఆగారు, రండి రండి." చెప్పులు వేసుకున్నాను, కర్ర తీసుకున్నాను, బయలుదేరాను. లెక్కపెట్టుకుంటూనే నడిచాను. అలవాటు పోదు. డెబ్బై ఒకటో అంగ దగ్గర, స్తంభం పట్టుకుని ఉండగా, బండి కదిలింది. వెనక డాలా కనిపించింది. దాని మీద ఏమీ రాసి లేదు.

పీట తెచ్చిన సోమవారం, అతని భార్య వెళ్ళాక, టేపు తీసి దాన్ని కొలిచాను. పొడవు పద్దెనిమిది అంగుళాలు, వెడల్పు పన్నెండు. ఎత్తు తొమ్మిదింబావు. తొమ్మిదింబావు అనేది వింత కొలత. వడ్రంగి ఎవరైనా తొమ్మిది పెడతాడు, లేకపోతే పది. కాసేపు ఆలోచించి, వెళ్ళి మా అరుగు చివరి మెట్టు కొలిచాను. తాపీమేస్త్రి అప్పట్లో తప్పు కట్టాడని నేను గొడవ పెట్టుకున్న మెట్టు అది. తొమ్మిదింబావు. నా కాలికి అలవాటైన ఎత్తు. ఎప్పుడు కొలిచాడో తెలియదు. పురికొసతోనే అయి ఉంటుంది.

నిన్న ఆదివారం. ఎనిమిదింటికే తెల్లచీర కట్టుకున్నాను. ఎనిమిదీ నలభై దాకా మెట్టు మీద నిలబడ్డాను. ఏమీ మోగలేదు. పీట ఒక చేత్తో, కర్ర ఒక చేత్తో పట్టుకుని బయలుదేరాను. స్తంభం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. సీట్లోకి ఎక్కడానికి చేసిన పీట కూర్చోవడానికి కొంచెం ఇరుకు. మూలింటావిడ గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి, ఈసారి నవ్వలేదు.

"ఎండ ముదురుతోంది టీచరమ్మా. ఆటోకి ఫోన్ చెయ్యనా?"

"వద్దు. నడుస్తాను."

"కిలోమీటరున్నరండీ బాబూ!"

"తెలుసు," అన్నాను.

మెయిన్ రోడ్డు దాకా ఇంకో నలభై ఒక్క అంగలు. అక్కడి నుంచి చర్చికి పద్నాలుగుసార్లు కూర్చున్నాను. కిళ్ళీకొట్టు ముందు, పురుగుమందుల షాపు నీడలో, పత్తి మిల్లు గేటు పక్కన. మిల్లు వాచ్‌మన్ మంచినీళ్ళు ఇచ్చాడు. నేను చేరేసరికి పదీ ఇరవై. ప్రసంగం సగంలో ఉంది. ముందు వరసలో నేను కూర్చునే చోటు ఖాళీగానే ఉంది. నేను అక్కడికి పోలేదు. తలుపు పక్కన ఆఖరి బెంచీలో, అతను కూర్చునే వైపు, పీట కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.

ఆలస్యంగా వచ్చిన ఆడపిల్లలు ముగ్గురు నా పక్క నుంచి లోపలికి వెళ్ళారు. గుప్పున పౌడరు వాసన వచ్చింది. పాస్టరుగారు అలవాటు చొప్పున ఒక్క క్షణం ఆగారు.

ఎవరూ తుమ్మలేదు.